వెనకాల బస్సు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగం వచ్చిందన్న మాట గట్టిగా చెప్పి, ఆఫీసు పక్కన హాస్టల్లో ఉండనన్నావనీ రోజూ ఇంటి నుంచే వెళ్లొస్తానన్నావనీ మెల్లగా చెప్పింది. ఒక బస్సు, ఒక రైలు, మళ్లీ ఒక బస్సు. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషంతోనే అనుకో. మిగతా సగమే ఈ ఉత్తరం.

ముందు తిట్టనీ. రోజుకి మూడు గంటలంటే ఏమిటో లెక్క వేసుకున్నావా? ఏడాదికి 240 పనిరోజులనుకుంటే 720 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి 30 రోజులు. ఏటా ఒక నెల నువ్వు ఎవరి మోచెయ్యి కిందో నిలబడి ఉంటావన్నమాట. నేను అలా 31 ఏళ్లు తిరిగాను. మొత్తం కలిపితే రెండున్నరేళ్లు దాటుతుంది. అందులో కూర్చున్నది ఎంతని అడగకు.

మోకాలి ఆపరేషనయ్యాక మీ అమ్మ ఒక్కర్తే ఉండలేదని నువ్వు హాస్టల్ వద్దన్నావు. ఆ మాట నువ్వూ అనలేదట, అదీ అనలేదు. సరే, నేనూ అనను. వెళ్లదలుచుకున్నావు కాబట్టి వెళ్లు. తెలిసినవి చెప్తాను.

పాస్ ముందే తీసుకో. బ్యాగు వీపున కాదు, ముందుకి వేసుకో. ఫోన్ వెనక జేబులో పెట్టకు. పాట వినాలంటే ఒక చెవికే పెట్టుకో, రెండో చెవి బస్సుకి ఉంచు. హీల్సు బ్యాగులో పెట్టుకుని మామూలు చెప్పులతో వెళ్లు, ఆఫీసు మెట్ల దగ్గర మార్చుకోవచ్చు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నిలబడడం మాత్రం నేర్చుకోవాలి. నవ్వకు. జనం అంతా డ్రైవర్ వైపు తిరిగి, కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడతారు. బ్రేకు పడగానే గడ్డిమోపుల్లా ముందుకు వాలతారు. నువ్వు కిటికీ వైపు తిరుగు. ఒక కాలు బస్సు ముందువైపుకి, ఇంకోటి వెనకవైపుకి ఎడంగా పెట్టు. బ్రేకు వేసినా, ఒక్కసారిగా కదిలినా, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతుంది, అంతే. చోటు దొరికితే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యన నిలబడు. వెనక చక్రాల మీద, ఇంకా ఆ వెనక సీట్లలో కుదుపు ఎక్కువ. తల తిరుగుతుంటే ఫోన్ చూడ్డం మానేసి దూరంగా బయటికి చూడు. తలుపు దగ్గరే గుంపుగా ఆగిపోయేవాళ్లతో చేరకు, లోపలికి జరుగు. దిగేటప్పుడు ఎలా అనే భయంతోనే అందరూ అక్కడ ఆగుతారు. రెండు స్టాపుల ముందు నుంచి "దిగాలండీ" అంటూ కదిలితే దారి అదే వస్తుంది.

సీటు దొరకడం అదృష్టం అంటారు కానీ, అది చదువు. దిగబోయే మనిషి ముందే తెలిసిపోతాడు. బ్యాగు జిప్పు వేస్తాడు. కిటికీలోంచి ఒకటికి రెండుసార్లు చూస్తాడు. చెప్పులు సరిచేసుకుంటాడు. అలాంటి మనిషి పక్కన నిలబడాలి. మా బస్సులో రోజూ నాలుగో స్టాపులో దిగే ఒకావిడ ఉండేది. పన్నెండేళ్లు ఆవిడ సీటు నాది. పేరు అడగలేదు. లేస్తూ నా చెయ్యి పట్టుకుని సీట్లోకి లాగేది, ఇంకెవరూ కూర్చోకుండా. ఒక సోమవారం నుంచి కనబడడం మానేసింది. ఎవర్ని అడగాలో కూడా తెలియలేదు.

రైలు సంగతి నీకే బాగా తెలుసు. నువ్వు దిగే చోట మెట్లు ఏ పెట్టె ఎదురుగా ఉంటాయో చూసుకో. అయితే ఆ సంగతి తెలిసినవాళ్లంతా అదే పెట్టెలో ఉంటారని మర్చిపోకు. ఒక పెట్టె అవతల ఎక్కితే, అర నిమిషం నడకతో ఊపిరి దక్కుతుంది. జపాన్‌లో అయితే తెల్ల గ్లవ్స్ వేసుకుని జనాన్ని రైల్లోకి నెట్టడానికి మనుషులుండేవాళ్లు. ఒషియా అంటారు, తోసేవాడని అర్థం. మాకు అలాంటి ఉద్యోగుల అవసరం రాలేదు. మేమే తోసుకునేవాళ్లం.

ఇప్పుడు అసలు సంగతి. బస్సు కోసం ఎదురుచూడడం.

ఇరవై నిమిషాలు ఒక్క బస్సూ రాదు, తర్వాత ఒకే నంబరువి రెండు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చూస్తావుగా. డ్రైవర్లు కబుర్లు చెప్పుకుంటూ కావాలనే అలా వస్తారని నేను ఏళ్ల తరబడి తిట్టుకున్నాను. మా అబ్బాయి, అదే మీ అన్నయ్య, ట్రాఫిక్ ఇంజనీరింగ్ చదివేటప్పుడు చెప్పాడు, అది ఎవరి తప్పూ కాదట. 1964లోనే న్యూవెల్, పాట్స్ అని ఇద్దరు లెక్కలతో సహా రాశారట. ముందు బస్సు ఏ సిగ్నల్ దగ్గరో ఒక్క నిమిషం ఆలస్యమైందనుకో. ఆ నిమిషంలో స్టాపులో ఇంకో నలుగురు చేరతారు. వాళ్లు ఎక్కడానికి ఇంకాస్త టైము పడుతుంది. దాంతో తర్వాతి స్టాపుకి ఇంకా ఆలస్యం, అక్కడ ఇంకా జనం. వెనకాల వచ్చేదానికి స్టాపులో మనుషులే మిగలరు, ఖాళీగా పరుగెత్తుకొచ్చి దీన్ని పట్టేస్తుంది. అందుకే జంటలో ముందుది ఎప్పుడూ కిక్కిరిసి ఉంటుంది, వెనకది ఖాళీగా ఉంటుంది.

గంటకి ఆరు బస్సులని బోర్డు మీద రాస్తారు. అబద్ధం కాదు. పదేసి నిమిషాలకి ఒకటి వస్తే నువ్వు సగటున ఐదు నిమిషాలు నిలబడతావు. అవే ఆరు, రెండేసి జతగా ఇరవై నిమిషాలకోసారి వస్తే పది నిమిషాలు నిలబడతావు. బస్సులు తగ్గలేదు, నీ కాళ్ల నొప్పి రెండింతలైంది. పారిస్‌లో 1662లోనే పాస్కల్, అదే మీ లెక్కల పుస్తకంలో ఉంటాడే, ఆయన చొరవతో ఒకే దారిలో ఒకే రేటుకి తిరిగే గుర్రపుబళ్లు మొదలయ్యాయి. జనం ఎక్కినా ఎక్కకపోయినా టైముకి కదలాలని నియమం. అప్పటి నుంచీ ఆ టైము కోసమే లోకం తంటాలు పడుతోంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నాకు ఈ లెక్క తెలియని రోజుల్లో ఒకటి జరిగింది.

నాకప్పుడు 26 ఏళ్లు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. పది దాటితే రిజిస్టర్‌లో పేరు పక్కన ఎర్ర గీత పడేది. ఆ నెల అప్పటికే రెండు గీతలున్నాయి. ఆ రోజు స్టాపులో ఇరవై నిమిషాలు నిలబడ్డాను. వాచీ ఎన్నిసార్లు చూశానో. బస్సు వచ్చింది, ఫుట్‌బోర్డు మీద కూడా జనం. దాని వెనకే, మూడు వాహనాల అవతల, అదే నంబరుతో ఇంకో బస్సు. అద్దంలోంచి ఖాళీ సీట్లు నాకు స్పష్టంగా కనిపించాయి అమ్మలూ. కనబడలేదంటే అబద్ధమవుతుంది. అయినా వచ్చిన బస్సుని వదలడానికి మనసొప్పలేదు. ఇరవై నిమిషాలు దానికోసం నిలబడ్డాను కదా, అది నాదే అనిపించింది.

ఒక కాలు పెట్టాను. ఒక చేత్తో కడ్డీ పట్టుకున్నాను. భుజానికున్న బ్యాగు నాకంటే ముందు లోపలికి పోయి ఇద్దరి మధ్యన ఇరుక్కుంది. ఇంకో కాలు పెట్టడానికి చోటు కోసం చూస్తుండగానే బస్సు కదిలింది. కాలు జారింది. అప్పుడు వదిలేస్తే ఊరికే పడేదాన్ని. కానీ బ్యాగు పట్టీ భుజానికి చుట్టుకుపోయి నన్ను వదల్లేదు. పది పన్నెండు అడుగులు ఈడ్చుకుపోయింది. లోపల ఎవరో అరిచారు. పట్టీ తెగింది. ఎడం చెయ్యి కింద పెట్టి పడ్డాను.

వెనకాల బ్రేకు చప్పుడు వినపడింది. తల తిప్పితే చెయ్యి చాపితే అందేంత దూరంలో టైరు. దాని గాడిలో ఇరుక్కున్న చిన్న రాయి కూడా ఇప్పటికీ గుర్తుంది. ఆ ఖాళీ బస్సే అది.

డ్రైవర్ దిగి వచ్చాడు. పెద్దాయన. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. నన్ను లేపబోయాడు కానీ, నాకంటే ఆయన చేతులే ఎక్కువ వణుకుతున్నాయి. "ఏం తల్లీ, నేను వెనకే వస్తున్నా కదా" అన్నాడు. అంతే అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఒక ఎర్ర గీత తప్పించుకోవడానికి వెళ్లి నెలన్నర ఇంట్లో కూర్చున్నాను. చెయ్యి నయమయ్యాక చాలా రోజులు ఆ నంబరు బస్సు వస్తే ముందు డ్రైవర్ మొహం చూసేదాన్ని. ఆయన మళ్లీ కనబడలేదు. ఆ రోజు ఆయనకి అన్నం సహించిందో లేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

నువ్వు చిన్నప్పుడు నా ఎడం చెయ్యి పట్టుకుని "పెద్దమ్మ చెయ్యి పూర్తిగా తిరగదు" అని ఆటపట్టించేదానివి గుర్తుందా? మెట్ల మీద నుంచి పడ్డానని చెప్పేదాన్ని. ఇంట్లో అందరికీ అదే చెప్పాను. బస్సు అని చెప్తే మా నాన్న ఆ రోజే ఉద్యోగం మాన్పించేవాడు. మీ అమ్మకి కూడా ఇప్పటికీ మెట్లే.

కాబట్టి నిండిన బస్సుని వదిలెయ్. నాకోసం. ఆలస్యమైతే అవనీ. అసలు అంత దాకా రాకుండా ఇరవై నిమిషాలు ముందు బయల్దేరు. తొందర మనిషిని తెలివితక్కువదాన్ని చేస్తుంది, నిన్ను కూడా చేస్తుంది, ఫస్ట్ క్లాసులో పాసైనంత మాత్రాన మినహాయింపేం లేదు. కదులుతున్న బస్సులోంచి దిగడమూ అంతే. నీ పాదం నేల మీద ఆగుతుంది, ఒళ్లు బస్సు వేగంతోనే ముందుకి పోతుంది. పూర్తిగా ఆగాకే దిగు. ఈ పేరా రెండుసార్లు చదువు.

ఇంకో సంగతి మీ అమ్మ చెప్పదు, దానికి మొహమాటం. జనంలో చెయ్యి తగిలిందా, కావాలని వేశాడా అన్నది ఒంటికి వెంటనే తెలుస్తుంది. మనసే సందేహిస్తుంది. నేను మొదటి ఏడాదంతా సందేహిస్తూ, ప్రతిసారీ నేనే పక్కకి జరిగాను. సీటిచ్చే ఆవిడే నేర్పింది, వాడితో మాట్లాడకు, బస్సుతో మాట్లాడు అని. "ఈ నీలం చొక్కా ఆయన చెయ్యి తియ్యట్లేదు" అని గట్టిగా, రంగుతో సహా చెప్పాలి. అందరూ నీలం చొక్కా ఎక్కడా అని చూస్తారు. గొంతు వణికినా ఫరవాలేదు, నాది మొదటిసారి బాగా వణికింది. ఆడవాళ్ల పెట్టె ఉంటే మొహమాటం లేకుండా అందులోకే ఎక్కు.

సాయంత్రం ఇల్లు చేరగానే మీ అమ్మతో మాట్లాడకు. మొహం కడుక్కుని పది నిమిషాలు కూర్చో. బస్సులో నీ కాలు తొక్కినవాడి మీద కోపం ఇంటి గడప దాకా నీతోనే వస్తుంది, తలుపు తీసినవాళ్ల మీద పడుతుంది. మీ అన్నయ్య చిన్నప్పుడు నేను రాగానే పరుగెత్తుకొచ్చి తలుపు తీసేవాడు. కొన్నాళ్లకి పరుగెత్తుకు రావడం మానేసి లోపల గదిలోనే ఉండేవాడు. ఎందుకో నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

ఆరు నెలలు చూడు. అప్పటికీ ఒంట్లో ఓపిక లేకపోతే హాస్టల్లో చేరు, మీ అమ్మ నా దగ్గరికి వస్తుంది. నేను దాన్ని ఇంకా అడగలేదు, కానీ వస్తుంది.

మొదటి రోజు బస్సులో నిలబడి నాకు ఫోన్ చెయ్యకు. ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాక చెయ్యి. పదకొండు దాకా ఫోన్ పక్కనే ఉంటాను.

చెయ్యి సంగతి మీ అమ్మతో అనకు. నేనే చెప్తాను. ఎప్పుడని అడగకు.

మీ పెద్దమ్మ