కంచు నాణెం బొరుసు చదవడం గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

లండన్‌లో నీవు కొన్న రోమన్ నాణేల ఫోటోలు అందాయి. వాటిని శుభ్రం చేయడం ఎలాగని అడిగావు. ముందు చదువు, తరువాతే కడుగు. అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ రోమన్ చక్రవర్తి ఆంటోనైనస్ పయస్ కాలపు సెస్టర్షియస్ అనే నాణెం ఒకటి కొని, ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండుతో తోమాను. కిలుముతో పాటు దేవత చేతిలోని వస్తువు కూడా చెరిగిపోయి, మెరిసే బిళ్ళ మాత్రం మిగిలింది. చెక్కడపు సన్నని గీతలు చాలావరకు ఆ ఆకుపచ్చ పొరలోనే నిలిచి ఉంటాయని అప్పటికి నాకు తెలియదు. స్వేదన జలంలో నానబెట్టి, మెత్తని కుంచెతో వదులు మట్టిని తీస్తే చాలు. పొడిలా రాలే లేతాకుపచ్చ మచ్చ కనిపిస్తే మాత్రం అది లోహాన్ని తినే జబ్బు కనుక, ఆ నాణేన్ని వేరుచేసి తేమ తగలని చోట ఉంచు.

పేరుకు కంచు నాణేలే గానీ, తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ ఏర్పరచిన పద్ధతిలో సెస్టర్షియస్, అందులో సగం విలువగల డుపోండియస్ అనే నాణెం ఇత్తడివి, ఆస్ అనే నాణెం రాగిది. సెస్టర్షియస్ సుమారు 25 గ్రాములు తూగుతుంది. మిగిలిన రెండూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి కాబట్టి, అరిగిన నాణెమైతే బొమ్మ వైపు తల చూడు. నీరో చక్రవర్తి కాలం నుంచి సూర్యకిరణాల కిరీటం సాధారణంగా డుపోండియస్‌కు గుర్తు.

బొరుసు మీద నిలబడిన స్త్రీమూర్తులందరూ మొదట ఒకేలా కనిపిస్తారు. వీణను చూసి సరస్వతిని పోల్చుకున్నట్టే, ఇక్కడా చేతుల్లో ఏముందో చూడాలి. పండ్లు నిండిన కొమ్ముతో పాటు చుక్కాని ఉంటే అదృష్ట దేవత ఫార్చూనా. త్రాసు ఉంటే న్యాయ దేవత ఈక్విటాస్ గానీ టంకశాల దేవత మొనేటా గానీ కావచ్చు, వారిలో ఎవరన్నది అక్షరాలే తేల్చాలి. క్రీ.శ. 71 నాటి వెస్పాసియన్ చక్రవర్తి సెస్టర్షియస్‌పై ఖర్జూర చెట్టు కింద దుఃఖిస్తూ కూర్చున్న స్త్రీని చూస్తే, యూదుల దేశమైన యూదయా ఓడిపోయిందన్న కబురు చదువురాని వాడికి కూడా అందుతుంది.

నీ నాణేల్లో నాకు నచ్చింది మన రూపాయి బిళ్ళ కన్నా చిన్నదైన ఆ తోడేలు నాణెం. శిరస్త్రాణం పెట్టుకున్న, రోము నగరానికి ప్రతిరూపమైన రోమా దేవత బొమ్మ వైపున ఉంది. బొరుసున ఆడ తోడేలు, పాలు తాగుతున్న కవలల (పురాణగాథలో రోమును స్థాపించిన రోములస్, రెమస్‌ల) వైపు మెడ తిప్పి చూస్తోంది, పైన రెండు నక్షత్రాలు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి క్రీ.శ. 330లో కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ను ప్రతిష్ఠించినప్పటి నుంచి వీటిని ముద్రించారు. వీటికి జతగా, ఓడ ముక్కుపై నిలిచిన విజయదేవతతో ఆ కొత్త నగరం పేరిట మరో నాణెం ఉంది. పాత నగరమైన రోమును చిన్నబుచ్చలేదని చెప్పడానికే ఈ జత అని నాకు తోస్తుంది. రోమన్ల ఇటువంటి చిల్లర మదురై, కరూరు ప్రాంతాల్లోనూ దొరికింది.

తోడేలు కాళ్ళ కింది గీతకు దిగువన ఉన్న అక్షరాలు టంకశాలను చెబుతాయి. టి, ఆర్ అయితే నేటి జర్మనీలోని ట్రియర్ నగరం. తరువాత పి ఉంటే అక్కడి మొదటి పనిశాల, ఎస్ ఉంటే రెండవది. నీ ఫోటోలో ఆ మూడో అక్షరం నీడలో పడింది. బల్లదీపాన్ని బాగా పక్కకు వంచి, ఏటవాలు వెలుతురులో మరొకటి తీసి, బరువుతో సహా పంపు.

ఇట్లు,
మావయ్య