కొబ్బరితోటలో బీకన్ అంకె గెంతుతోందంటే

గుల్మార్గ్ వెళ్లేముందు అమలాపురం తోటలో హిమపాతం బీకన్ (మంచుచరియల కింద చిక్కినవాళ్లని సిగ్నల్‌తో వెతికే పరికరం) ఒకటి దాచి, ఇంకోదానితో వెతకడం ప్రాక్టీస్ చేస్తుంటే, దూరం చూపే అంకె 8, 15, 6 అని గెంతుతోందన్నారు. బీకన్ పాడవలేదండీ, చాలావరకు జేబులో ఫోనే కారణం.

1. వెతికేటప్పుడు ఫోను, స్మార్ట్‌వాచ్ బీకన్‌కి కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. దాచిన దానికి 20 చాలు. పక్కన బోరు మోటార్ నడుస్తుంటే ఆపించండి.

2. దాచినది తప్ప మిగతా బీకన్లన్నీ సెర్చ్ (వెతికే) మోడ్‌లో పెట్టండి.

3. ఎక్కువమంది మరిచేది ఇదే: 3 మీటర్ల లోపుకి రాగానే వంగి, బీకన్‌ని నేలకి దాదాపు ఆనించి, ఒకే దిక్కుకి పట్టుకోండి. ముందుకీ వెనక్కీ, తర్వాత పక్కలకీ జరపండి. మణికట్టు తిరిగిందా, అంకె మళ్లీ గెంతుతుంది. (ఎండుమట్టల మీద వంగడం నడుముకి పరీక్షే.) అతి తక్కువ అంకె చూపిన చోటే ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ) దించాలి.

బీకన్ తెర మీది బాణం వంకరగా నడిపిస్తే టెన్షన్ వద్దు, సిగ్నల్ దారే అంత.