ఆరుతున్న చెక్క అత్యవసర నిధి కాదు

ప్రశ్న: ఎండుటాకులు, గవ్వలు, గులకరాళ్లు, నీళ్లలో కొట్టుకొచ్చిన మొద్దులు... వీటి ఆకారాలు చూసి బల్లలు, కుర్చీలు చేతితో చేస్తుంటాను. మూడేళ్లుగా ఉద్యోగం చేస్తూనే అమ్ముతున్నాను. ఇప్పుడు ఒకేసారి పన్నెండు బల్లలకు ఆర్డర్ వచ్చింది. ఉద్యోగం మానేసి, అత్యవసర నిధి మొత్తం తీసి మెషీన్ కొని, చెక్కకు పర్సనల్ లోన్ తీసుకుందామని ఆలోచన. మా వారి జీతం ఇంటికి సరిపోతుంది. షెడ్డులో మంచి పలకలు ఆరుతున్నాయి, అవసరమైతే అవే అమ్ముకోవచ్చు కదా?

జవాబు: వద్దండి. సొంతంగా పని మొదలుపెట్టే చాలామంది చేసే తప్పే ఇది. సరుకును పొదుపు అనుకుంటారు.

చెక్క సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. గాలికి ఆరబెడితే అంగుళం మందానికి దాదాపు ఏడాది పడుతుంది. రెండంగుళాల పలకకు రెండేళ్లు. లోన్ కిస్తీ మాత్రం వచ్చే నెల నుంచే మొదలవుతుంది. ఆ ఒత్తిడిలో పచ్చి చెక్కతోనే బల్ల చేసి ఇస్తే, కొన్ని నెలల్లోనే పగలొచ్చు, లేదా వంకర తిరగొచ్చు. బల్ల వెనక్కి వస్తుంది, డబ్బూ తిరిగి ఇవ్వాలి. ఇక ఆరీఆరని పలకల్ని కష్టంలో అమ్మబోతే ఎదుటివాళ్లు చెప్పిందే ధర. ఆసుపత్రి బిల్లు రెండేళ్లు ఆగదు కదా.

అందుకే నిధి జోలికి వెళ్లకండి. పైగా ఉద్యోగం మానేస్తే ఇప్పుడున్నది చాలదు. ఇంటి ఖర్చు తొమ్మిది నెలలకు సరిపడా, షెడ్డు అద్దె, కరెంటు లాంటివి మూడు నెలలకు సరిపడా విడిగా, వెంటనే తీయగలిగే చోట ఉండాలి. ఒక్క జీతం మీద ఇల్లు నడిచేటప్పుడు ఆ జీతం ఆగితే ఏంటన్నది ముందు చూసుకోవాలి. ఈ రెండూ నిండేదాకా ఉద్యోగం మానొద్దు. ఇది గట్టిగానే చెబుతున్నాను.

పర్సనల్ లోన్ అసలు వద్దు. 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే, అసలు కాకుండా, అందులో దాదాపు 40 శాతమంత డబ్బు అదనంగా వడ్డీకే పోతుంది. ఒక్క ఆర్డర్‌ను నమ్ముకుని ఐదేళ్ల అప్పు ఎవరైనా నెత్తిన పెట్టుకుంటారా? చెక్క ఖర్చు ఆర్డర్ ఇచ్చినవాళ్ల అడ్వాన్సులోంచే రావాలి. కనీసం సగం ముందే అడగండి. గవ్వ ఆకారంలో కోసిన బల్లను వాళ్లు వద్దంటే, అది నచ్చే ఇంకొకరు దొరికేదాకా డబ్బు ఇరుక్కుంటుంది. అడ్వాన్స్ ఇవ్వబోమని వాళ్లంటే ఆ ఆర్డర్ వదిలేయండి. పన్నెండూ ఒకేసారి కాకుండా నాలుగేసి చొప్పున, ఆరిన చెక్క కొని చేసిస్తామనండి. మెషీన్ ఉన్నవాళ్ల దగ్గర కోత కూలికి చేయించుకోవచ్చు.

మీ సంపాదనంతా మీ రెండు చేతుల్లో ఉంది. రంపం దగ్గర ఒక్క క్షణం చాలు. తాత్కాలిక వైకల్యానికి కూడా వారం వారం డబ్బిచ్చే ప్రమాద బీమా తీసుకోండి. చెక్కకు పూసే అవిసె నూనె అద్దిన గుడ్డల్ని ముద్దగా పడేస్తే వాటంతటవే అంటుకుంటాయని మీకు తెలిసే ఉంటుంది. ఇంటి బీమా ఉంటే అందులో వ్యాపార సరుకుకు, షెడ్డుకు రక్షణ ఉందో లేదో చదవండి. లేకపోతే విడిగా అగ్నిప్రమాద పాలసీ తీసుకోవాలి.

మ్యూచువల్ ఫండ్లు, బంగారం సంగతి నిధి నిండాక చూద్దాం. ఈ వారం మాత్రం లోన్ దరఖాస్తు ఆపేసి, గత ఆరు నెలల ఇంటి ఖర్చు ఒక కాగితం మీద రాసి సగటు తీయండి. దాన్ని తొమ్మిదితో హెచ్చవేసి, మీ దగ్గర ఉన్నదెంతో దాని పక్కనే రాయండి.