హెచ్ పైలోరీకి మందులు వాడితే షుగర్ తగ్గుతుందా?

మీ నాన్నగారికి పదేళ్లుగా షుగర్ ఉందనీ, ఇప్పుడు ఎండోస్కోపీలో కడుపులో ఉండే హెచ్ పైలోరీ బ్యాక్టీరియా బయటపడిందనీ, ఆ బ్యాక్టీరియా పోతే షుగర్ కూడా దారికొస్తుందా అనీ అడిగారు. నాలుగేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇదే ఆశ పెట్టుకున్నాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌లోని రామంతాపూర్. అప్పటికి షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు వాడుతున్నాను. కడుపుబ్బరం, పుల్లటి త్రేన్పులు మెట్‌ఫార్మిన్ వల్లే అనుకుని ఏడాదిపాటు పరగడుపున గ్యాస్ మాత్రతో నెట్టుకొచ్చాను. చివరికి పరీక్షలో అసలు సంగతి తెలిసింది.

ఈ బ్యాక్టీరియాకూ షుగర్‌కూ సంబంధం ఉందన్న మాట ఊరికే పుట్టలేదు. కాలిఫోర్నియాలో అరవై దాటిన 782 మంది లాటినోలను (లాటిన్ అమెరికా మూలాలున్నవారిని) పదేళ్లపాటు గమనిస్తే 144 మందికి మధుమేహం వచ్చింది. ఈ బ్యాక్టీరియా సోకినవారిలో ఆ ముప్పు దాదాపు 2.7 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. కడుపులో ఏళ్ల తరబడి ఉండే వాపు ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుందనీ, ఆకలిని నడిపే గ్రెలిన్, లెప్టిన్ హార్మోన్లు అటూ ఇటూ అవుతాయనీ వివరణలు ఉన్నాయి. కానీ రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలినట్టు కాదు. బ్యాక్టీరియాను తొలగించి చూసిన పరిశోధనల్లోనూ కొన్నిట్లో షుగర్ తగ్గింది, కొన్నిట్లో తగ్గలేదు.

నేను మిమ్మల్ని ముఖ్యంగా హెచ్చరించాలనుకున్నది వేరే విషయం. ఆ పద్నాలుగు రోజుల కోర్సు. నాకు క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే గ్యాస్ మాత్ర ఇచ్చారు. నోరంతా చేదు, అన్నం సయించలేదు. షుగర్ మాత్రలు మాత్రం యథావిధిగా వేసుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, కళ్ల ముందు చీకట్లు. పక్కనున్న చెరకురసం బండి అతను నా ముఖం చూసి, కూర్చోబెట్టి గ్లాసు చేతికిచ్చాడు. ఆయనకు ఈనాటికీ రుణపడి ఉన్నాను. క్లారిత్రోమైసిన్ తోడైతే గ్లిబెన్‌క్లమైడ్, గ్లిపిజైడ్ లాంటి మాత్రలు షుగర్‌ను ప్రమాదకరంగా పడేయగలవని తర్వాత తెలిసింది. నేను కడుపు డాక్టరుకు షుగర్ మందుల చీటీ చూపలేదు, షుగర్ డాక్టరుకు ఈ కోర్సు సంగతి చెప్పలేదు. మీరు ఆ పొరపాటు చేయకండి. నాన్నగారు కొలెస్ట్రాల్ మాత్ర వాడుతుంటే అదీ చెప్పండి; సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌లతోనూ క్లారిత్రోమైసిన్‌కు పడదు.

కోర్సు అయ్యాక నాకు శ్వాస పరీక్షలో బ్యాక్టీరియా లేదని వచ్చింది. ఆ పరీక్ష యాంటీబయాటిక్స్ ఆపిన నాలుగు వారాల తర్వాతే చేయించాలి, గ్యాస్ మాత్ర రెండు వారాల ముందే ఆపాలి. లేకపోతే ఉన్నది కూడా లేదని చూపవచ్చు. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 8.2 నుంచి 7.7కి దిగింది. ఎంత సంతోషించానో! కానీ కడుపు కుదుటపడ్డాక వేళకు తినడం, రోజూ సాయంత్రం నడవడం కూడా మొదలుపెట్టాను. పైగా అంతకుముందు నాకు ఐరన్ తక్కువగా ఉండేది. ఈ బ్యాక్టీరియా ఐరన్ ఒంటబట్టనివ్వదు. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. అందుకే ఆ అర పాయింటు తగ్గడం బ్యాక్టీరియా పోయినందుకే అని నేను చెప్పలేను. నాన్నగారికి హిమోగ్లోబిన్, ఐరన్‌తో పాటు విటమిన్ బి12 కూడా చూపించండి. మెట్‌ఫార్మిన్, ఈ బ్యాక్టీరియా రెండూ బి12ను తగ్గించేవే.

వైద్యం మాత్రం తప్పక చేయించండి, షుగర్ కోసం కాదు. కడుపులో పుండ్లకు ఇదే ప్రధాన కారణం. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. కోర్సు జరిగినన్నాళ్లూ ఇంట్లో గ్లూకోమీటరుతో రోజుకు రెండు మూడుసార్లు చూడండి. ఆయన బయటికి వెళ్తే జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టి పంపండి. షుగర్ మాత్రలు తగ్గించాలా వద్దా అన్నది మొదటి మాత్ర వేయకముందే డాక్టరును అడగండి.