స్కూల్ బోర్డుకి నిలబడతానంటున్న మా చిన్నాకి

చిన్నా,

నిన్న ఫోన్లో నువ్వు ఇక్కడ టెక్సస్‌లో మీ డిస్ట్రిక్ట్ స్కూళ్ళ పాలసీ, బడ్జెట్ చూసే స్కూల్ బోర్డుకి ఎలక్షన్లో నిలబడదామనుకుంటున్నా పిన్నీ అనగానే మీ బాబాయ్ పక్కనుంచి "ఇంకోడు తయారయ్యాడు" అని ఒకటే నవ్వు. పొయ్యి మీద పప్పు ఉంది కదా అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే రాస్తున్నా, పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదువు.

నేను మొదటిసారి ఓడిపోయా, రెండోసారి గెలిచి ఒక టర్మ్, అంటే 3 ఏళ్ళు చేశా, నీకు తెలిసిందే. ఎందుకు ఓడానో మాత్రం ఎవరికీ పెద్దగా చెప్పలేదు. ఆ ఏడాది ఉగాది ప్రోగ్రాంలో స్టేజ్ మీదకి పిలిచి శాలువా కప్పారు, హాలంతా చప్పట్లు, ఇంక గెలిచేశా అనుకున్నా. తీరా చూస్తే వంద ఓట్లు కూడా లేవు తేడా, పోయింది. ఆ తర్వాత మీ బాబాయ్ ఓటర్ లిస్ట్ ముందేసుకుని ఆ హాల్లో ఉన్న తెలిసిన పేర్లన్నీ ఒక్కొక్కటే వెతికారు. సగం మంది హెచ్‌వన్ వర్క్ వీసా, ఇంకొందరు గ్రీన్‌కార్డ్, సిటిజన్లు కాదు కాబట్టి వీళ్ళకి ఓటే లేదు. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళలో రిజిస్టర్ చేసుకోనివాళ్ళు బోలెడు. కొందరి ఇల్లు అసలు మా డిస్ట్రిక్ట్‌లోనే లేదు, రోడ్డుకి ఇటువైపు మాది, అటువైపు పక్క ఐఎస్‌డీ, అంటే వేరే స్కూల్ డిస్ట్రిక్ట్.

అందుకని అన్నిటికన్నా ముందు ఓటర్ లిస్ట్ తెచ్చుకో. ఎవరు పోయిన మే ఎలక్షన్లలో ఓటేశారో కూడా అందులో తెలుస్తుంది, ఎవరికేశారో కాదులే. మే మొదటి శనివారం ఎలక్షన్ అంటే జనం పెద్దగా రారు, గ్రాడ్యుయేషన్ పార్టీలు, పిల్లల ఎగ్జామ్స్, మనవాళ్ళకి వ్రతాలు, పెళ్ళిళ్ళు. వచ్చేదెవరంటే టీచర్లు, రిటైరైన పెద్దవాళ్ళు, టాక్సుల లెక్క పట్టించుకునేవాళ్ళు. వాళ్ళ తలుపు కొట్టాలి నువ్వు, మన గుడి ముందు ఎంతసేపు నిలబడ్డా లాభం తక్కువ.

మనవాళ్ళని వదిలెయ్యమనట్లేదు. కానీ టెక్సస్‌లో ఎలక్షన్‌కి 30 రోజుల ముందే రిజిస్టర్ అయిపోవాలి, కొత్తగా రిజిస్టర్ అయ్యేవాళ్ళకి ఆన్‌లైన్‌లో అవ్వదు, సంతకం పెట్టిన ఫారమే ఇవ్వాలి. అంటే ఉగాది ప్రోగ్రాం దాకా ఆగితే ఆలస్యమే. ఆ ఫారాలు నువ్వే పోగుచేసి ఇద్దామనుకుంటే ముందు కౌంటీ దగ్గర డెప్యూటీ రిజిస్ట్రార్‌గా చేరాలి. గ్రీన్‌కార్డ్ వాళ్ళ చేత పొరపాటున కూడా నింపించకు నాన్నా, వాళ్ళ సిటిజన్‌షిప్‌కే ఎసరు పెట్టినట్టవుతుంది.

డబ్బు సంగతి. ట్రెజరర్ ఎవరో చెప్పే ఫారం ఇవ్వకుండా ఒక్క డాలర్ కూడా తీసుకోకూడదు, ఖర్చు పెట్టకూడదు, ఆ ట్రెజరర్‌గా కోడలి పేరు పెట్టు, లెక్కల్లో నీకంటే నయం. హెచ్‌వన్ వాళ్ళ దగ్గర చందా తీసుకోవడం చట్టవిరుద్ధం, ఫెడరల్ రూల్, ఎంత క్లోజ్ ఫ్రెండ్ అయినా సరే. గ్రీన్‌కార్డ్ ఉంటే ఇవ్వచ్చు. కార్పొరేషన్ చెక్కు తీసుకోకూడదు, ఒకరి దగ్గర 100 డాలర్లు దాటి క్యాష్ కూడా వద్దు. మా ఇంట్లో డిన్నర్‌కి ఒకాయన తన కన్సల్టింగ్ కంపెనీ చెక్కు రాసి ప్రేమగా చేతిలో పెడితే వెనక్కిచ్చేశా, ఆరు నెలలు మాట్లాడలేదు నాతో. మాట్లాడకపోతే మానెయ్యనీ. డబ్బు లేకపోయినా ఫ్లయర్లు పంచడం, ఫోన్లు చెయ్యడం హెచ్‌వన్ వాళ్ళు కూడా ఊరికే చేసి పెట్టొచ్చు, అది అడుగు.

తలుపు తట్టినప్పుడు ఏం మాట్లాడాలో నాకు ఒక ముసలాయన నేర్పాడు. నేను స్టెమ్ అంటే సైన్సు, లెక్కల చదువులు, చురుకైన పిల్లలకి గిఫ్టెడ్ ప్రోగ్రాం అంటూ గడగడా అప్పజెప్తుంటే ఆయన ఆపి, మనం కట్టే టాక్స్‌లో స్టేట్ ఎంత పట్టుకుపోతుందమ్మా అనడిగాడు. నోరు పడిపోయింది. రీక్యాప్చర్ అంటారు, రాబిన్‌హుడ్ అని కూడా అంటారు, 1993 నుంచి ఉంది, ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్ట్‌ల నుంచి స్టేట్ కొంత లాక్కుంటుంది. 65 దాటితే సొంతింటి మీద స్కూల్ టాక్స్‌కి సీలింగ్, అంటే ఇంతకి మించకూడదనే హద్దు, ఉంటుందని కూడా ఆయనే చెప్పాడు, నేను టాక్స్ తగ్గిస్తా అంటే ఆయనకేంటి మరి! ఒక్కో పిల్లాడికి స్టేట్ లెక్కగట్టే బేసిక్ అలాట్‌మెంట్ 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండి 2025లో 55 డాలర్లు పెరిగింది, అంతే. మీ డిస్ట్రిక్ట్ బడ్జెట్ చదువు, అర్థం కాకపోతే మళ్ళీ చదువు. రెండోసారి వెళ్తే ఆయన నన్ను గుర్తుపట్టాడు, యార్డ్‌లో నా పేరున్న ప్రచార బోర్డు మాత్రం పెట్టనివ్వలేదు, ఓటేశాడో లేదో దేవుడికెరుక.

ఇంకోటి, నోరు జారి మాటలివ్వకు. దీపావళి సెలవు ఇప్పిస్తా, ఆ టీచర్ని మార్పిస్తా, ఇలాంటివి. బోర్డులో ఉండే ఏడుగురు సభ్యుల్లో, అదే ట్రస్టీల్లో, నీది ఒక్క ఓటు, సూపరింటెండెంట్‌ని కలిపి టీమ్ ఆఫ్ ఎయిట్ అంటారు, స్కూల్ నడిపేది ఆయనే, మన పని ఆయన్ని పెట్టుకోవడం, పాలసీ, బడ్జెట్. జీతం గీతం ఏం లేదు. గెలిచాక ప్రతి బర్త్‌డే పార్టీలో ఒకరు మూలకి లాక్కెళ్ళి మా వాడిని గిఫ్టెడ్‌లో వేయించండి అంటారు, నవ్వి ప్రిన్సిపాల్‌ని కలవమను. ఏడుగురిలో నలుగురు, అంటే సగానికి మించి, ట్రస్టీలు వాట్సాప్‌లో బోర్డు విషయం చర్చించుకున్నా, బోర్డు చర్చలు జనం ముందే జరగాలనే ఓపెన్ మీటింగ్స్ చట్టం కింద తప్పే, అలాంటి గ్రూప్‌లో నిన్ను కలిపితే బయటికొచ్చెయ్.

నామినేషన్లు జనవరి మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్యకి అయిపోతాయి. స్టేట్‌లో 12 నెలలు, డిస్ట్రిక్ట్‌లో 6 నెలలు ఉండాలి, నువ్వు కొత్తింటికి ఎప్పుడు మారావో తేదీ చూసుకో. ఈలోపు నెల నెలా బోర్డ్ మీటింగ్‌కి వెళ్ళి వెనక కూర్చో, బోరు కొడుతుంది, అయినా కూర్చో.

సంక్రాంతికి మేమొస్తాం, అరిసెలు తెస్తా. ఆ లిస్ట్ ప్రింట్ తీసి ఉంచు, మీ బాబాయ్‌కి స్క్రీన్ మీద చదవడం కష్టంగా ఉంటోంది, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు.

మీ పిన్ని