ప్యాకేజీల గొడవ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి ప్రశ్నలు దాదాపు అన్నీ ఒక్కచోటికే వచ్చి ఆగాయి. ఆండ్రాయిడ్‌కీ ఐఓఎస్‌కీ కలిపి ఒకే కోడ్‌తో యాప్ చేస్తున్నవాళ్ళు, రాసిన కోడ్ దగ్గర కాదు, తెచ్చుకున్న ప్యాకేజీల (వేరేవాళ్ళు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) దగ్గర ఇరుక్కుంటున్నారు. చాలావరకు ఫ్లట్టర్ గురించే: ఇలా ఒకే కోడ్‌తో యాప్ చేసే టూల్‌కిట్ అది, అందులో కోడ్ రాసే భాష డార్ట్, ప్యాకేజీలు తెచ్చిపెట్టేది పబ్ ('పబ్ గెట్' ఆ కమాండ్), ఏవి కావాలో రాసుకునేది పబ్‌స్పెక్ ఫైలు. అందుకని ఈ సంచిక మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: ఫ్లట్టర్‌ని అప్‌గ్రేడ్ చేసిన దగ్గర్నుంచి పబ్ గెట్ కొడితే చాలు 'వెర్షన్ సాల్వింగ్ ఫెయిల్డ్' అని వస్తోంది. అందులో ఇంటల్ అనే ప్యాకేజీ పేరు కనబడుతోంది, నేను దాన్ని ముట్టుకోలేదు కూడా. డిపెండెన్సీ ఓవర్‌రైడ్స్ పెడితే పోతుందని ఒకరు చెప్పారు. పెట్టొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ముందు ఆ ఎర్రర్ మొత్తం చదవండి. చూడగానే టెన్షన్ వస్తుంది గానీ, పబ్ ఇచ్చే ఎర్రర్లలో అంత వివరంగా ఉండేది ఇంకోటి లేదు. ఫలానా ప్యాకేజీ ఇది అడుగుతోంది, మీ యాప్ అది అడుగుతోంది, కాబట్టి రెండూ కుదరవు అని ఒకదాని తర్వాత ఒకటి కారణాలు చెప్పుకుంటూ వస్తుంది.

ఇంటల్ అంటే తేదీలు, అంకెలు ఒక్కో భాషకి తగ్గట్టు చూపించే ప్యాకేజీ. మీ పబ్‌స్పెక్ ఫైల్లో దాని పక్కన బహుశా ^0.18.0 అని ఉండి ఉంటుంది. ఆ టోపీ గుర్తు సంగతి చాలామంది సరిగ్గా పట్టించుకోరు. ^1.4.2 అంటే 1.4.2 నుంచి 2.0.0 లోపు ఏ వెర్షనైనా పర్వాలేదని అర్థం, కానీ మొదటి అంకె సున్నా అయితే లెక్క మారిపోతుంది: ^0.18.0 అంటే 0.19.0 లోపే, అక్కడితో సరి. ఇటు ఫ్లట్టర్‌తో పాటే వచ్చే లోకలైజేషన్స్ ప్యాకేజీ ఇంటల్‌ని ఒకే ఒక్క వెర్షన్‌కి కట్టేసి ఉంచుతుంది. మీరు ఎస్‌డీకే (ఫ్లట్టర్ టూల్స్ మొత్తం) మార్చగానే ఆ వెర్షన్ 0.19.0కో ఇంకా పైకో జరిగింది, మీ ఫైలు మాత్రం పాతచోటే ఉంది. మీరు ఇంటల్‌ని ముట్టుకోకపోయినా గొడవ మొదలైంది అందుకే.

ఇంటల్ పక్కన వెర్షన్ తీసేసి 'ఎనీ' అని రాయండి. ఇది దొడ్డిదారి కాదు, ఫ్లట్టర్ డాక్యుమెంటేషన్ చెప్పే పద్ధతే. వెర్షన్‌ని ఎస్‌డీకే ఎలాగూ ఖరారు చేసేసింది కాబట్టి ఇక్కడ చెల్లుతుంది. అలాగని ప్రతి ప్యాకేజీకీ ఎనీ పెట్టారంటే ఏ రోజు ఏ వెర్షన్ వచ్చి కూర్చుంటుందో మీ చేతిలో ఉండదు.

ఎనీ పెట్టాక కూడా ఎర్రర్ పోకపోతే, ఇంకో ప్యాకేజీ ఏదో పాత ఇంటల్‌ని పట్టుకుని ఉందన్నమాట. 'ఫ్లట్టర్ పబ్ డెప్స్' కొడితే ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో చెట్టులా కనబడుతుంది, ఆ ప్యాకేజీకి కొత్త వెర్షన్ ఉందేమో చూసి పెంచండి. ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్‌లో పబ్ లాంటిది) అలవాటు ఉన్నవాళ్ళకి ఇది వింతగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఒకే ప్యాకేజీ రెండు వెర్షన్లు ఒక ప్రాజెక్టులో పక్కపక్కనే ఉండగలవు. డార్ట్‌లో అలా కుదరదు. యాప్ మొత్తానికీ ఒక ప్యాకేజీ ఒకే వెర్షన్, అందరూ దానికే ఒప్పుకోవాలి.

ఇక ఓవర్‌రైడ్ అంటే ఆ ఒప్పందం లేకుండానే 'నేను చెప్తున్నాను, ఇదే వాడు' అనడం. వెంటనే పబ్ గెట్ పాసవుతుంది నిజమే. పాత వెర్షన్ కోసం రాసిన ప్యాకేజీ కొత్తదానితో పనిచేస్తుందో లేదో మాత్రం ఎవరూ చూడలేదు. అదృష్టం ఉంటే బిల్డ్‌లోనే (కోడ్‌ని యాప్‌గా మార్చేటప్పుడే) ఆగుతుంది, లేకపోతే తేదీ తప్పుగా చూపిస్తూ వాడేవాళ్ళ ఫోన్ దాకా వెళ్తుంది. వేరే దారే లేనప్పుడు పెట్టండి, పెట్టినప్పుడు పక్కన కామెంట్‌లో ఎందుకు పెట్టారో, ఏది సరైతే తీసేయాలో రాయండి. ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

ప్రశ్న: కెమెరా ప్లగిన్ చేర్చాను, పబ్ గెట్ బాగానే అయింది. యాప్‌లో బటన్ నొక్కితే 'మిస్సింగ్ ప్లగిన్ ఎక్సెప్షన్' అంటోంది. ఎన్నిసార్లు హాట్ రీలోడ్ (యాప్ ఆపకుండానే కొత్త కోడ్ పంపడం) చేసినా అంతే.

జవాబు: యాప్‌ని పూర్తిగా ఆపేసి మళ్ళీ రన్ చేయండి, నూటికి తొంభైసార్లు అంతే. మామూలు ప్యాకేజీలో ఉండేది డార్ట్ కోడ్ ఒక్కటే. ప్లగిన్‌లో దాంతోపాటు ఆండ్రాయిడ్ కోసం కాట్లిన్ లేదా జావా, ఐఓఎస్ కోసం స్విఫ్ట్ లేదా ఆబ్జెక్టివ్-సీ కోడ్ ఉంటుంది. హాట్ రీలోడ్ గానీ హాట్ రీస్టార్ట్ గానీ డార్ట్ భాగాన్నే ఫోన్‌లోకి పంపుతుంది, రెండో భాగం కొత్తగా బిల్డ్ చేస్తేనే యాప్‌లోకి ఎక్కుతుంది. డార్ట్ పిలుస్తోంది, అవతల పలికేవాళ్ళు లేరు, అదీ ఎర్రర్. మళ్ళీ బిల్డ్ చేసినా పోకపోతే ఆ ప్లగిన్ పేజీలో మీ ప్లాట్‌ఫామ్ ఉందో లేదో చూడండి. ఆండ్రాయిడ్, ఐఓఎస్ మాత్రమే ఉన్నదాన్ని విండోస్ మీద నడుపుతుంటే వచ్చేదీ ఇదే ఎర్రర్.

ప్రశ్న: మా టీమ్‌లో నలుగురం. ఒకే కోడ్, ఒకరి లాప్‌టాప్‌లో నడుస్తుంది, ఇంకొకరి దాంట్లో నడవదు. పబ్‌స్పెక్ లాక్ ఫైలుని గిట్‌లో (టీమ్ కోడ్, దాని మార్పులు దాచుకునే చోట) పెట్టాలా వద్దా అని కూడా వాదన.

జవాబు: యాప్ అయితే పెట్టాలి, ఇందులో వాదన అక్కర్లేదు. పబ్‌స్పెక్ ఫైలు చెప్పేది 'ఇంత నుంచి ఇంత లోపు' అని మాత్రమే. అందులోంచి ఈ రోజు సరిగ్గా ఏది తీసుకున్నామో రాసిపెట్టేది లాక్ ఫైలు. అది గిట్‌లో లేకపోతే సోమవారం క్లోన్ చేసిన (కోడ్ కాపీ దించుకున్న) మనిషికీ శుక్రవారం క్లోన్ చేసిన మనిషికీ వేర్వేరు వెర్షన్లు రావచ్చు. మీ నలుగురి తేడా చాలావరకు ఇక్కడే ఉంటుంది. మీరు చేసేది యాప్ కాకుండా పదిమంది వాడుకునే ప్యాకేజీ అయితే మాత్రం లాక్ ఫైలు గిట్‌లో వద్దు.

గెట్‌కీ అప్‌గ్రేడ్‌కీ తేడా కూడా టీమ్‌లో అందరికీ తెలియాలి. పబ్ గెట్ లాక్ ఫైల్లో ఉన్నదాన్ని గౌరవిస్తుంది. పబ్ అప్‌గ్రేడ్ దాన్ని పక్కనపెట్టి హద్దుల్లో ఉన్న కొత్తవాటిని తెస్తుంది. తెలియక ఒకరు రోజూ అప్‌గ్రేడ్ కొడుతుంటే మిగతా ముగ్గురికీ రోజూ కొత్త సమస్యే. బిల్డ్ సర్వర్‌లో 'ఎన్‌ఫోర్స్ లాక్‌ఫైల్' అనే ఆప్షన్‌తో గెట్ నడపండి, లాక్‌తో సరిపోకపోతే అక్కడే ఆగిపోతుంది. రియాక్ట్ నేటివ్ (జావాస్క్రిప్ట్‌తో ఇదే పని చేసే టూల్) వాడేవాళ్ళకీ ఇదే సూత్రం: ప్యాకేజీ లాక్ ఫైలు గిట్‌లో ఉండాలి, సర్వర్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు లాక్‌లో ఉన్నదే పెట్టే ఎన్‌పీఎం సీఐ వాడాలి, ఒకే ప్రాజెక్టులో ఒకరు యార్న్ (ఎన్‌పీఎం లాంటిదే ఇంకోటి), ఒకరు ఎన్‌పీఎం వాడకూడదు. ఐఓఎస్ వైపు పాడ్‌ఫైల్ లాక్ (అక్కడి ప్యాకేజీల లాక్ ఫైలు) ఉంటే దాన్నీ గిట్‌లో పెట్టండి.

ప్రశ్న: రెండేళ్ళ క్రితం వదిలేసిన ప్రాజెక్టు మళ్ళీ తెరిచాను. నలభై దాకా ప్యాకేజీలు. ఆండ్రాయిడ్ బిల్డ్ 'నేమ్‌స్పేస్ నాట్ స్పెసిఫైడ్' అంటూ ఆగిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అన్నీ ఒకేసారి పెంచకండి, అది ఒక్కటి మాత్రం చేయకండి. మేజర్ వెర్షన్లన్నీ (మొదటి అంకె మారేవి) ఒక్క కమాండ్‌తో పెంచేస్తే వందల ఎర్రర్లు వస్తాయి, ఏది ఎవరి వల్లో తెలియదు.

ముందు 'పబ్ అవుట్‌డేటెడ్' కొట్టండి. ప్రతి ప్యాకేజీకీ నాలుగు గడులు వస్తాయి: ఇప్పుడున్నది, మీ హద్దుల్లో పెంచగలిగింది, హద్దులు సడలిస్తే కుదిరేది, అన్నిటికన్నా కొత్తది. మూడో గడికీ నాలుగో గడికీ తేడా ఉన్నచోట ఎవరో అడ్డం పడుతున్నారని అర్థం. ఒక్కో ప్యాకేజీ పెంచి, దాని ఛేంజ్‌లాగ్ (ఏం మారిందో రాసిన జాబితా) చదివి, బిల్డ్ చేసి, కమిట్ చేసి (గిట్‌లో భద్రపరిచి), అప్పుడు తర్వాతదానికి వెళ్ళండి. విసుగే, కానీ రెండు రోజుల్లో అయిపోతుంది.

ఆ నేమ్‌స్పేస్ ఎర్రర్ మీ కోడ్‌ది కాదు. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ (ఆండ్రాయిడ్ యాప్‌ని బిల్డ్ చేసే టూల్) వెర్షన్ 8 నుంచి ప్రతి మాడ్యూల్ తన నేమ్‌స్పేస్‌ని (తనదంటూ ఉండే పేరు) గ్రేడిల్ ఫైల్లోనే చెప్పాలి, పాత ఫ్లట్టర్ ప్లగిన్లు మానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు, పర్మిషన్లు ఉండే ఫైలు) ప్యాకేజీ పేరు రాసి ఊరుకునేవి. ప్లగిన్‌ని ఎవరైనా చూసుకుంటూ ఉంటే కొత్త వెర్షన్‌లో ఇది సరిచేసి ఉంటారు. ఎవరూ చూడనిదైతే అసలు కష్టం అక్కడ.

నాకూ ఇలాంటిదే ఎదురైంది. వదిలేసిన ప్లగిన్ ఒకటి, సరిచేయాల్సింది ఒక్క లైను. పబ్ క్యాష్ ఫోల్డర్‌లోకి (పబ్ దించుకున్న ప్యాకేజీలు ఉండే చోటు) వెళ్ళి నేరుగా ఆ లైను రాసేశాను, నా మెషీన్‌లో బిల్డ్ అయింది, సంతోషించాను. రిలీజ్ రోజు బిల్డ్ సర్వర్‌లో పాత ఎర్రరే మళ్ళీ. అవును మరి, ఆ మార్పు నా డిస్క్ మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఆ రాత్రంతా అదే పని. అప్పట్నుంచి చేసేది ఇది: ప్లగిన్ కోడ్‌కి గిట్‌లో మన సొంత కాపీ (ఫోర్క్) చేసుకుని, సరిచేసి, పబ్‌స్పెక్‌లో గిట్ అడ్రస్‌తో పాటు ఫలానా కమిట్ అని కచ్చితంగా రాయడం. బ్రాంచ్ పేరు రాస్తే రేపు అందులో కొత్త మార్పులు చేరి అది కదిలిపోతుంది. ఇంకో మాట, ఫ్లట్టర్ 3.29లో పాత వీ1 ఆండ్రాయిడ్ ఎంబెడింగ్‌ని (ఫ్లట్టర్‌ని ఆండ్రాయిడ్‌తో కలిపే పాత పద్ధతి) పూర్తిగా తీసేశారు; దాన్ని నమ్ముకున్న ప్లగిన్‌కి ఒక్క లైను మార్పు సరిపోదు, అలాంటిది కనబడితే ప్రత్యామ్నాయం వెతుక్కోవడమే మేలు.

ప్రశ్న: ఒకే పనికి పది ప్యాకేజీలు కనబడుతున్నాయి. లైకులు ఎక్కువ ఉన్నది తీసుకుంటే సరిపోదా?

జవాబు: సరిపోదు. లైకులు నాలుగేళ్ళ క్రితంవి కావచ్చు. నేను ముందు చూసేది చివరి రిలీజ్ ఎప్పుడు, ఇష్యూలకి (వాడేవాళ్ళు రాసిన సమస్యలకి) ఎవరైనా జవాబిస్తున్నారా అనేది. తర్వాత అది ఇంకెన్ని ప్యాకేజీలని వెంటేసుకొస్తుందో చూస్తాను. 2016 మార్చిలో ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేస్తే, నేరుగా ఎప్పుడూ దాని పేరు కూడా వినని ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. పబ్‌లో ఒకసారి పెట్టిన వెర్షన్‌ని అలా లాగేసుకోవడం కుదరదు, ఆ భయం తక్కువే. కానీ అంత చిన్న పనికి ప్యాకేజీ దేనికి? ఇరవై లైన్లలో అయ్యేదైతే మీరే రాయండి.

ప్లగిన్ అయితే ఇంకోటి చూడాలి. దాని మానిఫెస్ట్‌లో ఉన్న పర్మిషన్లు బిల్డ్‌లో మీ మానిఫెస్ట్‌తో కలిసిపోతాయి. మీరు లొకేషన్ అడగకపోయినా మీ యాప్ అడుగుతున్నట్టు స్టోర్‌లో కనబడుతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో మానిఫెస్ట్ తెరిచి 'మెర్జ్‌డ్ మానిఫెస్ట్' ట్యాబ్ నొక్కితే ఏ పర్మిషన్ ఎవరి నుంచి వచ్చిందో చూపిస్తుంది.

ప్రశ్న: ప్యాకేజీ తీసేయాలంటే పబ్‌స్పెక్‌లో లైను చెరిపేస్తే చాలా?

జవాబు: డార్ట్ ప్యాకేజీ అయితే చాలు, కోడ్‌లో ఇంపోర్ట్‌లు కూడా తీసేయండి. ప్లగిన్ అయితే దాని కోసం మీ చేత్తో రాసినవన్నీ అలాగే ఉండిపోతాయి: ఐఓఎస్ ఇన్ఫో ఫైల్లో కెమెరా ఎందుకో రాసిన వాక్యం, మానిఫెస్ట్‌లో పర్మిషన్, గ్రేడిల్‌లో పెంచిన మినిమం ఎస్‌డీకే. ప్లగిన్ చేర్చినప్పుడు ఈ మార్పులన్నీ ఒకే కమిట్‌లో పెట్టి ఉంటే ఇప్పుడు ఆ కమిట్ తెరిచి ఒక్కోటీ వెనక్కి తీయొచ్చు.