మీ సైకిల్ – మా సలహా: పాత స్టీలు ఎంటీబీ (మౌంటెన్ సైకిల్)తో మొదలుపెట్టేవాళ్లకు

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 72 కిలోలు. మా గల్లీలో ఒకాయన పదిహేనేళ్ల కిందటి 18 గేర్ల స్టీలు మౌంటెన్ సైకిల్ రూ.3,500కు ఇస్తానంటున్నడు. గేర్ల సైకిల్ ఎన్నడూ తొక్కలేదు. కొనొచ్చునా? ఏమేం చూసుకోవాలె?
– ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: ఫ్రేము బాగుంటే కొనండి. గేర్లు పడటం లేదనో, సీటు చిరిగిందనో వెనక్కి తగ్గకండి. అవి మార్చుకునేవే. ఫ్రేము పోతే మాత్రం సైకిలే పోయినట్టు. అందుకే చూపంతా ముందు దానిమీద పెట్టండి.

జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్లండి. గొట్టానికి అంటుకుంటే స్టీలు, అంటుకోకపోతే అల్యూమినియం. తర్వాత హ్యాండిల్ కిందనుంచి పెడళ్ల వైపు ఏటవాలుగా దిగే లావు గొట్టం ఉంటుంది కదా, దాని అడుగుభాగాన్ని పై అతుకు నుంచి రెండు మూడు అంగుళాల దాకా వేలితో తడమండి. అక్కడ రంగు ముడతలు పడినా, సన్నటి ఉబ్బు తగిలినా ఆ సైకిల్ ఎప్పుడో ఎదురుగా దేన్నో గట్టిగా గుద్దిందన్నమాట. ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. పక్కనుంచి చూసినప్పుడు ముందు ఫోర్కు వెనక్కి వంగినట్టుంటే కూడా అంతే. వెల్డింగు పెడితే సరిపోతుందని చెప్పేవాళ్లుంటారు. క్యారియర్‌కో, స్టాండుకో అయితే సరే. హ్యాండిల్ అతుకు దగ్గర వెల్డింగును నమ్మకండి. అది తెగితే పడేది ముఖం మీదనే.

పైపైన కనిపించే తుప్పుకు భయపడొద్దు, లోపలినుంచి తినే తుప్పుతోనే ప్రమాదం. వాననీళ్లు సీటు గొట్టం గుండా దిగి పెడళ్ల ఇరుసు ఉండే డబ్బాలో నిలుస్తాయి. సైకిల్‌ను తలకిందులు చేసి ఆ డబ్బా చుట్టుపక్కల స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖణేల్‌మనాలి. మెత్తగా మోగినా, తుప్పు పెచ్చులు రాలినా వదిలేయండి. సీటు పైపు పైకి లేస్తుందో లేదో తప్పకుండా చూడండి. గ్రీజు లేక లోపలే పట్టేసినవి చాలా ఉంటాయి. మీ ఎత్తుకు సరిపోని చోట పట్టేసి ఉంటే ఆ సైకిల్ మీకు పనికిరాదు.

కొలత సంగతి: పై గొట్టానికి అటొక కాలు ఇటొక కాలు వేసి నేలమీద నిలబడితే గొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. మీ ఎత్తుకు 16–17 అంగుళాల ఫ్రేము కుదురుతుంది. సీటు ఎత్తు పెట్టుకునేటప్పుడు మడమను కింది పెడలు మీద ఆనించండి, మోకాలు తిన్నగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడలు మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగి, సరిగ్గా సరిపోతుంది. సీటు పైపు మీద గీత ఉంటే దాన్ని దాటి పైకి లాగొద్దు.

ఇక చైను. స్టీలు స్కేలు తీసుకుని ఒక పిన్ను మధ్య నుంచి కొలవండి. కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్యభాగం వస్తుంది. అది గీతకు అంగుళంలో పదహారో వంతు అవతల ఉంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు అవతల ఉంటే వెనక ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే గేర్ల పళ్ల చక్రాల గుత్తి) పళ్లు కూడా అరిగినట్టే. అప్పుడు కొత్త చైను ఒక్కటే వేస్తే జారుతుంది, రెండూ మార్చాలి. రెండు టైర్లు, రెండు ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు – వీటిలో ఏవేవి కావాలో రాసుకుని, షాపులో ధరలు కనుక్కుని, ఆ తర్వాతే బేరానికి కూర్చోండి.

ప్రశ్న: పాత ఎంటీబీకి 26 సైజు టైరు తెచ్చిన. ఎంత గుంజినా రిమ్ము మీద కూర్చోదు, వదులుగ జారిపోతది. రిమ్ము ఖరాబయిందా?
– పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: రిమ్ము బాగానే ఉంది, టైరే వేరేది. 26 అంగుళాలని చెప్పే టైర్లలో రకాలున్నాయి. మౌంటెన్ సైకిల్‌వి చుక్క పెట్టి రాస్తారు: 26 ఇన్‌టూ 1.75, 26 ఇన్‌టూ 1.95. మామూలు సైకిళ్లవి బటాలో రాస్తారు: 26 ఇన్‌టూ ఒకటీ మూడు బై ఎనిమిది. అంకె ఒకటే అయినా రిమ్ము మీద కూర్చునే అంచు వ్యాసం వేరు. మీ రిమ్ముది 559 మిల్లీమీటర్లు, మీరు తెచ్చినది బహుశా 590. షాపులో సైజు అడగడంతో ఆగకుండా టైరు పక్కన చిన్న అచ్చులో ఉండే అంకె చూడండి. 47-559 అనో 50-559 అనో ఉండాలి. 37-590 అని ఉంటే తిరిగి ఇచ్చేయండి.

ఎక్కువగా తారు రోడ్డు, అప్పుడప్పుడు కాలువ కట్ట అయితే మధ్యలో నున్నటి పట్టీ ఉన్న టైరు తీసుకోండి. పెద్ద బుడిపెల టైరు తారు మీద హోరుమంటుంది, కాళ్లను గుంజుతుంది. 70 కిలోల మనిషికి 1.95 టైరులో ముందు 35, వెనక 40 పీఎస్‌ఐ గాలి మంచి మొదలు. తారు మీదనే పోతే 45 దాకా ఎక్కించండి, మొరం బాటలో కొంచెం దించండి. టైరు మీద రాసిన గరిష్ఠ అంకె దాటొద్దు. బండ్ల గాలి మిషన్‌తో నింపేటప్పుడు కొద్దికొద్దిగా కొట్టించండి. సైకిల్ ట్యూబులో పట్టే గాలి తక్కువ, రెప్పపాటులో పేలుతుంది.

ప్రశ్న: వారానికి రెండుసార్లు పంక్చరు. ప్యాచులు వేయించీ వేయించీ ట్యూబు నిండిపోయింది. పల్లేరుకాయలు, తుమ్మముళ్లు మా దిక్కు లేని చోటు లేదు. ఉపాయం చెప్పండి.
– పాఠకుడు, దేవరకొండ

జవాబు: ప్యాచు వేశాక మళ్లీ అదేచోట పోతోందా అని ముందు చూడండి. తుమ్మముల్లు విరిగి మొన టైరులోనే ఉండిపోతుంది. పైకి కనబడదు, లోపల గుచ్చుతూనే ఉంటుంది. ట్యూబు తీసినప్పుడు టైరు లోపలి భాగాన్ని దూదితో చుట్టూ తుడవండి. దూది ఎక్కడ తగులుకుంటే అక్కడ ముల్లుంది. చేత్తో తడిమితే వేలు కోసుకుంటుంది. టైరులో ట్యూబు ఎలా కూర్చుందో గుర్తుపెట్టుకుంటే, ట్యూబులో చిల్లు ఉన్నచోటికి ఎదురుగానే టైరులో వెతకొచ్చు.

చిల్లు ఎక్కడుందో అదే కారణం చెబుతుంది. బయటివైపు ఉంటే ముల్లు. రిమ్ము వైపు ఉంటే చువ్వ కొస గుచ్చుకుంది, రిమ్ము మీది పట్టీ చిరిగిపోయి ఉంటుంది. పాము కాటులా పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువై, రాయి మీద రిమ్ము ట్యూబును నొక్కేసింది. వాల్వు మొదట్లో చిరిగితే కూడా గాలి తక్కువే: బ్రేకు కొట్టినప్పుడల్లా టైరు జరిగి వాల్వును లాగుతుంది.

ప్యాచు వేసేటప్పుడు తొందరపడకండి. చిల్లు చుట్టూ ప్యాచు కంటే పెద్దగా గరుకు కాగితంతో రుద్ది, మెరుపు పోయాక సొల్యూషన్ పలుచగా రాసి, నాలుగైదు నిమిషాలు ఆరనివ్వాలి. వేలికి తడి అంటకూడదు. తడిమీదనే అంటిస్తే మే నెల ఎండలో, తారు కాగినప్పుడు, అంచు లేస్తుంది.

పల్లేరుకు మాత్రం మందమైన ట్యూబు ఒక్కటే చాలదు. టైరుకూ ట్యూబుకూ మధ్య వేసే ప్లాస్టిక్ పట్టీలు దొరుకుతాయి. లేదంటే పాత ట్యూబును నిలువుగా కోసి పరచండి, కోసిన అంచులు ట్యూబును రాయకుండా పౌడరు చల్లండి. లోపలి పిన్ను ఊడే వాల్వు అయితే ట్యూబుకు 120 మిల్లీలీటర్ల దాకా సీలెంటు (చిల్లును లోపలినుంచి మూసే ద్రవం) పోయొచ్చు. పల్లేరు చేసే చిన్న చిల్లులకు అది బాగా పనిచేస్తుంది. సీలెంటు లేనప్పుడు, దిగిన ముల్లు గాలిని ఆపుతూ ఉంటే, ఇల్లు దగ్గరైతే పీకకుండా వచ్చేయండి. చేలకు కంచె కోసం కొట్టిన సర్కారు తుమ్మ కంప రోడ్డు అంచునే పడి ఉంటుంది. అలాంటి చోట అంచు వదిలి, వెనకాల బండి రావడం లేదని చూసుకుని కొద్దిగా లోపలికి తొక్కండి.

ప్రశ్న: వాన పడితే బ్రేకు పట్టదు. రబ్బర్లు కొత్తవే.
– పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: రిమ్ముకు అయస్కాంతం పెట్టి చూడమ్మా. అంటుకుంటే అది క్రోము పూసిన స్టీలు రిమ్ము. తడిసిన క్రోము మీద ఏ రబ్బరూ సరిగా పట్టదు. ఆగాల్సిన చోటుకు చాలా ముందే మెల్లగా బ్రేకు నొక్కి నీళ్లు తుడుచుకోనివ్వాలి, ఆ తర్వాతే అసలు పట్టు వస్తుంది. శాశ్వత మందు మాత్రం అల్యూమినియం రిమ్ము. డబ్బు ఒక చక్రానికే ఉంటే ముందుదానికి వేయించండి, ఆపే బలంలో ఎక్కువ పాలు దానిదే. రేగడి బురదలో పోయివస్తే రబ్బర్ల మధ్య ఇరుక్కున్న మట్టిని ఆరకముందే కడగండి. అందులోని ఇసుక రిమ్మును ఆకురాయిలా అరగదీస్తుంది.

ప్రశ్న: పెడలు తిప్పిన ప్రతిసారీ టక్కుమంటోంది. ఒకసారి వెనక పెద్ద పల్లెంలోకి గేరు వేస్తే చైను చువ్వల్లో ఇరుక్కుంది కూడా. గేర్లన్నీ తీసేయించాలా?
– పాఠకుడు, వనపర్తి

జవాబు: తీసేయకండి, ఎదురుగాలిలో వాటి విలువ తెలుస్తుంది. వెనక గేరు యంత్రం మీద రెండు చిన్న స్క్రూలుంటాయి. ఎల్ అని రాసినది చైను చువ్వల వైపు ఎంతదాకా పోవాలో ఆపుతుంది. చైనును పెద్ద పల్లెం మీదకు తెచ్చి, అక్కడికి వస్తూ దాన్ని దాటిపోకుండా ఆ స్క్రూను పావు చుట్టు చొప్పున బిగించండి. ఆ యంత్రం ఎక్కడైనా తగిలి లోపలికి వంగిందేమో కూడా చూడండి. అది వంగి ఉంటే స్క్రూతో పని కాదు. గేరు మార్చేది పెడలు తిరుగుతున్నప్పుడే, అదీ కాలు తేలిక చేసి. ఎత్తు ఎక్కుతూ బలంగా తొక్కుతున్నప్పుడు మారిస్తే చైను తెగుతుంది.

టక్కుమనేది ముందు క్రాంకు (పెడలును ఇరుసుకు కలిపే చేయి) దగ్గర వెతకండి. నాలుగు పలకల ఇరుసు మీద కూర్చునే క్రాంకు నట్టు వదులైతే ఆ చప్పుడు వస్తుంది. అలాగే తొక్కితే పలకల రంధ్రం గుండ్రమై ఇక ఎంత బిగించినా నిలవదు, క్రాంకే మార్చాలి. బిగించినా చప్పుడు ఆగకపోతే పెడలు విప్పి, మరలకు గ్రీజు రాసి బిగించండి. ఎడమ పెడలు మరలు తిరగేసి ఉంటాయి. విప్పడానికి పానాను గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. ఇది తెలియక బలం పెట్టి క్రాంకు మరలు పాడుచేసుకునేవాళ్లు ఎక్కువ.

ప్రశ్న: వాగులో నీళ్లు చక్రం మధ్యదాకా వచ్చాయి. తర్వాతి నుంచి గరగర చప్పుడు.
– పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: హబ్‌లోకి, అంటే చక్రం మధ్యలో ఇరుసు ఉండే గూటిలోకి, నీళ్లు చేరి గ్రీజు కొట్టుకుపోయింది. పైనుంచి నూనె పోస్తే మిగిలిన గ్రీజు కూడా కరిగిపోతుంది. విప్పించాల్సిందే. ముందు హబ్‌లో పక్కకు 10 చొప్పున 3/16 అంగుళం గోలీలు, వెనక పక్కకు 9 చొప్పున పావు అంగుళం గోలీలు సాధారణంగా ఉంటాయి. విప్పగానే లెక్కపెట్టండి. కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో కడిగి, ఒక్కటి మసకబారినా మొత్తం కొత్తవి వేయండి, వాటి ధర తక్కువే. గోలీలను పక్కనుంచి నొక్కి పట్టే కోను మీద గుంటలుంటే దాన్నీ మార్చండి. బిగించాక ఇరుసును వేళ్లతో తిప్పితే గరుకు తగలకూడదు, పక్కకు ఊపితే ఆడకూడదు. నీళ్లు పెడళ్ల డబ్బాదాకా వచ్చి ఉంటే సీటు పైపు తీసేసి సైకిల్‌ను తలకిందులుగా ఒక రోజు ఎండలో పెట్టండి, నిలిచిన నీళ్లు దిగిపోతాయి.